కొత్త సిస్టమ్ కొనేముందు నెల రోజులు రాసుకోవాల్సిన కాగితం

అనంతపురం పాతూరులో మా చిన్నాయనకు చిన్న ప్రెస్సు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు వేస్తాడు. కొన్నేళ్ల కిందట ఆయన పాత సిస్టమ్‌లో మదర్‌బోర్డు పోయింది. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనే కాబట్టి కొత్తది కొనిపించే పని నామీద పడింది. ప్రాసెసర్ చూశాను, ర్యామ్ చూశాను, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. బటన్ నొక్కిన నిమిషంలోపే సిస్టమ్ సిద్ధమయ్యేది. చిన్నాయన సంబరపడ్డాడు.

వారం తిరక్కముందే మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. ధర్మవరం నుంచి ఒకాయన వచ్చి, "మూడేండ్ల కింద మా అక్క పెండ్లికి ఏసిన కార్డే అన్నా, పేర్లూ తేదీ మార్చి ఇయ్యి, రేప్పొద్దున తీసకపోతా" అన్నాడు. ఆ ఫైలు పేజ్‌మేకర్ అనే, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాములో చేసింది. కొత్త సిస్టమ్‌లో మేం వేసుకున్నది అదే పనికి వాడే ఇన్‌డిజైన్, అదీ కొత్త వెర్షన్. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ వసతి తీసేశారు. ఈ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. రెండు గంటలదాకా కూర్చుని కార్డు మొత్తం మళ్లీ టైపు చేశాం. అలాంటి ఫైళ్లు ప్రెస్సులో పదేళ్లవి పేరుకుని ఉన్నాయి.

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని అడిగినవాణ్ని, "ఇక్కడ రోజూ ఏ ప్రోగ్రాము తెరుస్తారు?" అని అడగలేదు. సిస్టమ్ కొనడానికి మీరు బయల్దేరుతుంటే, నేను వదిలేసిన ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. కడపలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారమైనా, కర్నూలులో ఫోటో స్టూడియో అయినా, జేఎన్‌టీయూలో సీటు వచ్చిన పిల్లకు ల్యాప్‌టాప్ అయినా వరస ఒక్కటే: ముందు పని, ఆ పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, అది నడిచే ఓఎస్ (విండోస్, మ్యాక్, లైనక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), చివర్లో మిషన్.

ఈ వరస కొత్తదేమీ కాదు. 1979లో విసిక్యాల్క్ అనే లెక్కల పట్టీల ప్రోగ్రాము ఆపిల్-2 కంప్యూటర్‌కు వచ్చింది. అప్పటిదాకా ఆ డబ్బాను ఆటవస్తువులా చూసిన వ్యాపారస్తులు ఆ ఒక్క ప్రోగ్రాము కోసం దాన్ని కొన్నారు. 1983లో లోటస్ 1-2-3 వచ్చాక అదే వ్యాపారస్తులు ఐబీఎం పీసీ వైపు మళ్లారు. రెండుసార్లూ వాళ్లు కొన్నది ప్రోగ్రామునే. దాన్ని నడిపేది కాబట్టి మిషన్ వెంట వచ్చింది.

మొదటి పని: నెల రోజుల కాగితం

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇప్పుడు పని జరుగుతున్న సిస్టమ్ పక్కన పెట్టండి. సొంత సిస్టమ్ లేకపోతే ఆ పని మీరు ఎక్కడ చేయించుకుంటున్నారో అక్కడ గమనించండి. నాలుగు వరసలు గీయండి. ఏ పని, ఏ ప్రోగ్రాములో, ఏం తగిలించి, ఆ ఫైలు ఎవరికి వెళ్తుంది.

ఒక్క పూట కూర్చుని రాస్తే సరిపోదు. రోజూ చేసే పనులు గుర్తుంటాయి, నెలకొకసారి చేసేవి జారిపోతాయి. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారికి 11వ తేదీన జీఎస్టీఆర్-1, 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ ఉంటాయి. మూడు నెలలకొకసారి టీడీఎస్ ఉంటుంది. ఏడాదికొకసారి ఆదాయపు పన్ను ఉంటుంది. అలాంటి రోజుల్లోనే పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ బీరువాలోంచి బయటికొస్తుంది. అందుకే నెల రోజులు రాయమంటున్నాను. మూడు నెలలవీ ఏడాదివీ ఆడిటర్‌నో గుమాస్తానో అడిగి కలపండి.

నాలుగో వరస, అంటే ఫైలు ఎవరికి వెళ్తుంది అన్నది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నా అనుభవంలో అన్నిటికన్నా బరువైనది అదే. మీ ఆడిటర్ ట్యాలీ బ్యాకప్ అడిగే మనిషైతే, మీరు ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్ ఎంత ముచ్చటపడి నేర్చుకున్నా మార్చి 31 దాటగానే చిక్కు మొదలవుతుంది. మీ ఫ్లెక్స్‌లు వేసే షాపు కోరల్‌డ్రా ఫైలే తీసుకుంటుంటే మీ దగ్గరా కోరల్‌డ్రా ఉండాలి, లేదా వాళ్లు పీడీఎఫ్ తీసుకోవడానికి ఒప్పుకోవాలి. అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల పీడీఎఫ్ చాలంటారు, అప్పుడు మీకు చేతినిండా వెసులుబాటు ఉంటుంది.

రెండో పని: "దొరుకుతుంది" అన్న మాటను విడదీసి అడగడం

అమ్మేవాళ్లను "ఇందులో ఫలానా సాఫ్ట్‌వేర్ వస్తాదా?" అని అడిగితే "వస్తాది సార్" అనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు ఇమిడి ఉన్నాయి.

మొదటిది, తయారుచేసిన కంపెనీయే ఆ ఓఎస్ కోసం పూర్తి వెర్షన్ ఇవ్వడం. ట్యాలీప్రైమ్‌కు విండోస్ అలాంటిది. ఫోటోషాప్‌కు విండోస్, మ్యాక్ రెండూ అలాంటివే, లైనక్స్ కాదు.

రెండోది, అదే పేరుతో కొన్ని వసతులు తగ్గించిన వెర్షన్ ఉండడం. మోసమంతా ఇక్కడే జరుగుతుంది, ఎవరూ మోసం చేయకుండానే. మ్యాక్‌కు ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఉంది. కానీ ఆర్కిటెక్చర్, ఎంఈపీ (భవనాల కరెంటు, నీటి గొట్టాల పని) లాంటి ప్రత్యేక టూల్‌సెట్లు విండోస్ వెర్షన్‌లోనే ఉన్నాయి. మ్యాక్‌కు ఆఫీస్ ఉంది. అందులో వర్డ్, ఎక్సెల్ ఉంటాయి, డేటాబేస్ ప్రోగ్రామైన యాక్సెస్ ఉండదు. బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో వీబీఏ మ్యాక్రోలు, అంటే బటన్ నొక్కితే లెక్కలు వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, నడవవు. మీ గుమాస్తా జీతాల పట్టీని మ్యాక్రోలతో చేసి ఉంటే బ్రౌజర్ ఎక్సెల్‌లో అంకెలు కనిపిస్తాయి, బటన్ నొక్కితే ఉలకదు పలకదు.

మూడోది, బ్రౌజర్‌లో నడవడం. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు పనులు, జీమెయిల్ ఇలాంటివి. వీటికి ఏ ఓఎస్ అయినా ఒకటే. కాగితం మీద మీ పనులన్నీ ఈ మూడో రకంలోకే వస్తే మీరు అదృష్టవంతులు, ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టకండి. ట్యాలీని కూడా క్లౌడ్ మీద పెట్టి బ్రౌజర్‌లో వాడుకునే ఏర్పాటు ఉంది. దానికి లైసెన్సుతో పాటు వేరే అద్దె కట్టాలి. మీ ఊళ్లో నెట్ పోయిన పూట బిల్లు కొట్టడం ఎలాగన్నది కూడా ముందే ఆలోచించాలి.

నాలుగోది, ఒక ఓఎస్ కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో ఓఎస్‌లో ఏదో ఒక ఉపాయంతో నడపడం. లైనక్స్‌లో వైన్, మ్యాక్‌లో ప్యారలల్స్ అలాంటివి. ఉపాయం తెలిసిన మనిషికి ఇవి మంచి సాధనాలు. నేనూ వాడతాను. కానీ కూతురి పెళ్లి కార్డు కోసం ఎదురుగా మనిషి నిలబడి ఉన్నప్పుడు అది మొరాయిస్తే, అడిగే నాథుడు ఉండడు. ప్రోగ్రాము కంపెనీ "విండోస్‌లో వేసుకోండి" అంటుంది, అక్కడితో మాట ముగుస్తుంది. కడుపు నింపే ముఖ్యమైన ప్రోగ్రామును ఈ నాలుగో రకం మీద ఆధారపడేలా పెట్టకండి.

కాబట్టి మీ కాగితం మీద ప్రతి ప్రోగ్రాము పక్కన 1, 2, 3, 4 అంకెల్లో ఒకటి వేయండి. అంకె వేయడానికి షాపువాళ్ల మాట కాకుండా, ఆ ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్‌లో "సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్" అన్న పేజీ చూడండి. ఓఎస్ పేరు, వెర్షన్, ర్యామ్ అన్నీ అక్కడ ఉంటాయి. క్రాక్ చేసిన కాపీని లెక్కలోకి తీసుకోకండి. అది ఈరోజు నడుస్తుంది, ఒక అప్‌డేట్‌తో ఆగిపోతుంది, వైరస్‌ను వెంటబెట్టుకుని వస్తుంది. పదేళ్ల ఖాతాలు ఉన్న సిస్టమ్‌లో అలాంటిది వేయడం ఇంటి తాళంచెవి దారినపోయేవాడి చేతికివ్వడమే.

మూడో పని: తీగ చివర ఏముందో చూడడం

ప్రోగ్రాము నడిచినా దానికి తగిలించే పరికరం నడవకపోతే పని ఆగిపోయినట్టే. పరికరానికీ ఓఎస్‌కీ మధ్య మాట కలిపేది డ్రైవర్, ఆ డ్రైవర్ కూడా ఒక సాఫ్ట్‌వేరే. దాన్ని కాగితం మీద రాసేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా నాకు కనిపించలేదు.

మన జెరాక్స్ షాపుల్లో, లాయర్ల ఆఫీసుల్లో కనిపించే కెనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌నే తీసుకోండి. గట్టి మిషన్, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ అది అందరికీ తెలిసిన ప్రింటర్ భాషలు మాట్లాడదు. క్యాప్ట్ అనే కెనన్ సొంత పద్ధతిలో, డ్రైవర్ చెప్పినట్టే అచ్చు వేస్తుంది. విండోస్‌లో ఇబ్బంది లేదు. లైనక్స్‌లో దాన్ని నడిపించడానికి ఒక పూట పోతుంది, కొన్నిసార్లు ఆ పూట పోయినా నడవదు. అదే హెచ్‌పీ ప్రింటర్లలో చాలా మోడళ్లకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ల కట్ట లైనక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. ప్రింటర్ ఇప్పటికే ఉంటే దాని మోడల్ నంబర్‌తో పాటు ఓఎస్ పేరు చేర్చి వెతకండి.

డిజిటల్ సంతకం టోకెన్, ఆధార్ వేలిముద్ర మిషన్, బార్‌కోడ్ ప్రింటర్, ఫ్లెక్స్ మిషన్‌కు ఫైలు పంపే రిప్ సాఫ్ట్‌వేర్ తాలూకు డాంగిల్ (తగిలిస్తేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళంచెవి లాంటిది), కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ అన్నిటికీ ఇదే పరీక్ష. వేలిముద్ర మిషన్ అయితే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాము కూడా నడవాలి. తయారీదారు దాన్ని ఏయే ఓఎస్‌లకు ఇచ్చాడో చూడకుండా మిషన్ కొనవద్దు. బాగా పాత డాంగిళ్లు కొన్ని ప్రింటర్‌కు తగిలించే వెడల్పాటి ప్యారలల్ పోర్టుకు సంబంధించినవి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు.

నాలుగో పని: తెలుగు

తెలుగులో అచ్చు పని చేసేవాళ్లు ఈ భాగం తీరిగ్గా చదవండి. మిగతావాళ్లు ఐదో పనికి వెళ్లిపోవచ్చు.

మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో పేరుకున్న తెలుగు ఫైళ్లలో ఎక్కువ భాగం అను స్క్రిప్ట్ మేనేజర్‌తో టైపు చేసినవి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని సిస్టమ్‌లకూ ఒకే సంకేతం ఉండే పద్ధతిలో చేసినవి కావు. తెర మీద 'క' కనిపిస్తున్నా ఫైలు లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు అక్షరాలకో గుర్తులకో కేటాయించిన సంకేతం. అందుకే ఆ మేటరును వాట్సాప్‌లోకి కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. ఆ ఫాంట్, ఆ కీబోర్డు ప్రోగ్రాము, పేజ్‌మేకర్ లేదా కోరల్ అన్నీ కలిసి ఒక జట్టు. ఒకటి లేకపోతే మిగతావి పనికిరావు. ఈ జట్టు పెరిగింది విండోస్ మీదే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ ఆ తర్వాత దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు, ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. ఆపిల్ కంప్యూటర్ల ఓఎస్ ఎక్స్ కోసం పేజ్‌మేకర్ అసలు రానేలేదు.

కాబట్టి పాత అను ఫైళ్లతో రోజూ పని ఉన్న ప్రెస్సుకు విండోస్ తప్ప వేరే దారి నేను చెప్పలేను. చిన్నాయన దగ్గర చివరికి మేం చేసింది ఇది. పాత మదర్‌బోర్డు లాంటిదే ఒకటి వెతికి పట్టుకుని పాత సిస్టమ్‌ను లేపాం. నెట్ తీగ పీకేసి, పాత కార్డులు తెరవడానికి మాత్రమే దాన్ని ఒక మూల ఉంచాం. కొత్త పనంతా కొత్త సిస్టమ్‌లో యూనికోడ్‌లో మొదలుపెట్టాం. మళ్లీ అడిగిన పాత కార్డును, అడిగినప్పుడే, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి అచ్చుతప్పులు చూసి దాచుకున్నాం. అన్నీ ఒకేసారి మార్చేద్దామని కూర్చుంటే ప్రాణం విసిగిపోతుంది. కన్వర్టర్ అరసున్నల దగ్గర, వత్తుల దగ్గర తప్పులు చేస్తుంది, మనిషి చూసి తీరాలి.

పాత సిస్టమ్ బాగుచేయడానికి వీల్లేకుండా పోయి ఉంటే, కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ అనే, సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌ను నడిపే ఉచిత ప్రోగ్రాము వేసుకుని దాని లోపల మీ పాత విండోస్‌ను లైసెన్సుతో వేసుకోవచ్చు. పేజ్‌మేకర్, అను అందులోనే ఉంటాయి. దానికి మాత్రం నెట్ ఇవ్వకండి.

కొత్తగా డీటీపీ మొదలుపెట్టేవాళ్లకు ఈ బరువు లేదు. నేరుగా యూనికోడ్‌తో మొదలుపెట్టండి. మండలి, రామరాజ, సూరన్న, గిడుగు, పొన్నాల లాంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తాయి. తెలుగు టైపుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మూడింటిలో ఓఎస్‌తోనే వస్తుంది. ఫోన్లో టైపు చేసి పంపిన మేటరు అలాగే పేజీలో కూర్చుంటుంది. మీకంటూ పాత ఫైళ్లు లేవు కాబట్టి మీరు నిజంగా స్వేచ్ఛగా ఎంచుకోగలిగినవాళ్లు.

ఒక పరీక్ష మాత్రం చేయండి. మీరు కొనబోయే ప్రోగ్రాములో "శ్రీ కదిరి లక్ష్మీనరసింహస్వామి ప్రసన్నః" అని, దాని కింద "రాష్ట్రం, స్త్రీ, కర్తృత్వం" అని టైపు చేయండి. వత్తులు అక్షరం కింద ఒదిగి కూర్చోవాలి. పొల్లులు విడిపోయి 'క్‌ష్‌మ' లాగా కనిపిస్తే సెట్టింగు మార్చాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, ఫోటోషాప్‌లో టైప్ ప్రిఫరెన్సుల్లో అలాంటిదే ఉంటుంది. అది మార్చినా అక్షరం సరిగ్గా రాకపోతే ఆ ప్రోగ్రాము మీ పనికి కాదు. పెళ్లి కార్డు మొదటి వరసలో ఇంటి ఇలవేల్పు పేరు తప్పుగా పడితే ఆ కార్డు తీసుకునేవాళ్లు రాయలసీమలో లేరు.

ఐదో పని: చదువు కోసమైతే బ్రాంచి చూడండి

మా వీధిలో ఒక అమ్మాయికి జేఎన్‌టీయూ అనంతపురంలో సివిల్ వచ్చింది. అందరూ మెచ్చుకుంటారని వాళ్ల మామ మ్యాక్‌బుక్ కొనిచ్చాడు. ప్రేమతో ఇచ్చిందే, మిషన్ కూడా మేలైనదే. కానీ సివిల్‌వాళ్లు వాడే స్టాడ్ ప్రో, రెవిట్, ఈట్యాబ్స్, సివిల్ త్రీడీ నాలుగూ విండోస్‌కే ఉన్నాయి. ఆ పిల్ల ప్రాజెక్టు పని ల్యాబ్ తెరిచి ఉన్నప్పుడే చేసుకోవాల్సి వచ్చింది.

మెకానికల్‌వాళ్లకూ అంతే. సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే ఉంది. ఈసీఈలో వివాడో విండోస్, లైనక్స్ రెండింటిలో నడుస్తుంది, మ్యాక్‌లో నడవదు. కీల్ మ్యూవిజన్ విండోస్‌ది. చిప్ డిజైన్‌లో ముందుకెళ్లేవాళ్లకు కేడెన్స్ లైనక్స్‌లో తగులుతుంది. మ్యాట్‌ల్యాబ్ మూడింటికీ ఉంది. సీఎస్‌ఈ పిల్లలకు ఏదైనా సరిపోతుంది, కానీ లైనక్స్ అలవాటు చేసుకోవడం వాళ్లకు ఉద్యోగంలో అక్కరకొస్తుంది. విండోస్ లోపలే డబ్ల్యూఎస్‌ఎల్ అనే వసతితో లైనక్స్ నడుపుకోవచ్చు కాబట్టి రెండు మిషన్లు అక్కర్లేదు. ఏఐ వైపు ఆసక్తి ఉంటే ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల మీద నడిచే క్యూడా (CUDA) అనే సాఫ్ట్‌వేర్ పేరు తగులుతుంది. అది విండోస్‌లో, లైనక్స్‌లో నడుస్తుంది, ఇప్పటి మ్యాక్‌లలో నడవదు. ఐఫోన్ యాప్‌లు చేయాలని ఉంటే మాత్రం మ్యాకే కొనాలి, ఆ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ ఇంకెక్కడా లేదు.

చేరిన వెంటనే కొనకండి. సీనియర్లను అడిగి రెండో, మూడో ఏడాది ల్యాబుల సాఫ్ట్‌వేర్ల పేర్లు కాగితం మీద రాయించుకుని రండి. మొదటి ఏడాది సిలబస్ అందరికీ ఇంచుమించు ఒకటే, దాన్ని చూస్తే ఏమీ తెలియదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. ఎడియస్ విండోస్‌కే ఉంది. ఫైనల్ కట్ మ్యాక్‌కే ఉంది. ప్రీమియర్ రెండింటికీ, డావిన్సీ రిజాల్వ్ మూడింటికీ ఉన్నాయి. మీరు ఎడిటింగ్ బయటికిస్తుంటే, లేదా బయటివాళ్ల పని తీసుకుంటుంటే, వాళ్లు వాడేదే మీరూ వాడండి. ప్రాజెక్టు ఫైలు ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకు అలాగే వెళ్లదు.

ఆరో పని: ఇప్పుడు ఓఎస్

కాగితం ఇప్పటికే జవాబు చెప్పేసి ఉంటుంది. ఒకటో అంకె పడ్డ ముఖ్యమైన ప్రోగ్రాములు ఏ ఓఎస్‌లో కలుస్తున్నాయో అదే మీది. మన జిల్లాల్లో వ్యాపారానికి, ప్రెస్సుకు, ఆడిటర్ ఆఫీసుకు అది ఎక్కువసార్లు విండోస్ అవుతుంది. నాకు లైనక్స్ అంటే ఇష్టం, ఇంట్లో అదే వాడతాను, అయినా ట్యాలీ మీద నడిచే దుకాణంలో దాన్ని వేయమని నేను చెప్పను. పిలిస్తే వచ్చి చూసే మనిషి ఊళ్లో ఉన్నాడా అన్నది కూడా లెక్కే. సాయంత్రం బిల్లింగ్ ఆగిపోతే కడపలో విండోస్ తెలిసిన మెకానిక్ గంటలో వస్తాడు.

పనంతా బ్రౌజర్‌లోనూ ఉత్తరాలు రాయడంలోనూ ఉంటే లైనక్స్ చక్కని ఎంపిక. పాత మిషన్‌కు మళ్లీ ప్రాణం పోస్తుంది, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు బాగా వస్తుంది. క్రోమ్‌బుక్ కూడా ఆ పనికి సరిపోతుంది, కాకపోతే దానికి అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటి ముందే రాసిపెట్టి ఉంటుంది, కొనేముందు ఆ మోడల్‌కు ఆ తేదీ ఎప్పుడో చూడండి. చిన్న కొట్టుకైతే బిల్లింగ్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే చాలు, ల్యాప్‌టాప్ వద్దు.

ఏడో పని: విండోస్ అని తేలినా ఆగి చూడాల్సినవి

పెట్టె మీద విండోస్ అని ఉన్నంత మాత్రాన మీ ప్రోగ్రాములన్నీ నడుస్తాయని కాదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తున్నవాళ్లకు ఇది ముఖ్యం. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు. ప్రాసెసర్ నంబర్ చదవడం తేలిక. ఐ5-7200 అని ఉంటే ఏడో తరం, ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం. ఆఫీసుల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లలో ఆరు, ఏడు తరాలవి చవగ్గా కనిపిస్తాయి. వాటిలో విండోస్ 11ను ఏదో విధంగా ఎక్కించి అమ్ముతారు కూడా. అవి లైనక్స్‌కు మంచివి, ఖాతాలు ఉంచుకునే విండోస్ సిస్టమ్‌గా కొనవద్దు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాము నడిపిస్తే మిషన్ అర్హతేమిటో చెబుతుంది.

కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లు తప్ప బయటివి ఎక్కవు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద యాక్టివేషన్ చూడండి. అక్కడి నుంచే ఉచితంగా ఎస్ మోడ్ నుంచి బయటపడవచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లడం మాత్రం ఉండదు.

ఇక స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు. బ్యాటరీ బాగా వస్తుంది, పలచగా ఉంటాయి. వీటి లోపల ఉన్నది ఇంటెల్, ఏఎండీ వాళ్ల ప్రాసెసర్ కాదు, ఆర్మ్ రకం. 2012లో వచ్చిన విండోస్ ఆర్‌టీ కూడా ఆర్మ్ మీదే నడిచేది, పాత విండోస్ ప్రోగ్రాములేవీ అందులో ఎక్కేవి కావు, అందుకే అది నిలబడలేదు. ఇప్పటివి అలా కాదు, పాత ప్రోగ్రాములను అనువదించుకుని చాలావరకు నడిపిస్తాయి. డ్రైవర్లను మాత్రం అలా అనువదించలేవు. మూడో పనిలో మీరు రాసిన ప్రింటర్, సంతకం టోకెన్, వేలిముద్ర మిషన్, డాంగిల్ ప్రతిదానికీ ఆర్మ్ డ్రైవర్ విడిగా ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ టైప్ అన్నచోట ఏ రకమో కనిపిస్తుంది. తీగలు తగిలించే పని ఉన్నవాళ్లు ప్రస్తుతానికి ఇంటెల్ లేదా ఏఎండీ తీసుకోవడం మంచిది.

మ్యాక్ కొనేవాళ్లకూ ఇలాంటిదే ఒకటి ఉంది. 2020 నవంబర్‌లో ఎం1 వచ్చినప్పటి నుంచీ ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో బూట్‌క్యాంప్, అంటే మ్యాక్‌లో నేరుగా విండోస్ ఎక్కించుకునే వసతి, లేదు. "అవసరమైతే మ్యాక్‌లోనే విండోస్ వేసుకోవచ్చు" అన్న మాట పాత ఇంటెల్ మ్యాక్‌ల నాటిది. ఇప్పుడు ప్యారలల్స్ లోపల ఆర్మ్ విండోస్ నడపాలి, పైన చెప్పిన డ్రైవర్ల చిక్కు అక్కడా ఉంటుంది.

ఎనిమిదో పని: డబ్బు కట్టేముందు పెన్‌డ్రైవ్

మీ సొంత ఫైళ్లు ఐదారు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకు వెళ్లండి. అన్నిటికన్నా పాతది ఒకటి, అన్నిటికన్నా పెద్దది ఒకటి, మ్యాక్రోలు ఉన్న ఎక్సెల్ ఒకటి, తెలుగు ఫైలు ఒకటి ఉండాలి. కంపెనీలు ట్రయల్ వెర్షన్ ఇస్తాయి, దాన్ని వేయించి తెరిచి చూడండి. ట్యాలీప్రైమ్ అయితే లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో అన్ని తేదీలకూ ఎంట్రీలు వేయలేరు, కానీ ఈ మిషన్‌లో నడుస్తుందో లేదో చూడడానికి అది చాలు. ట్యాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నాటి డేటా ఉంటే అసలు ఫోల్డర్ జోలికి పోకుండా కాపీ మీదే ప్రయత్నించండి.

ప్రింటర్ మోయలేరు, కానీ టోకెన్, డాంగిల్, వేలిముద్ర మిషన్ జేబులో పడతాయి. తీసుకెళ్లి తగిలించి చూడమనండి. ఒప్పుకోని షాపులు ఉంటాయి. ఒప్పుకునే షాపు దొరికేదాకా తిరగండి, ఊళ్లో ఒక్క షాపే లేదు కదా. ఒకవేళ ఆన్‌లైన్‌లో కొంటుంటే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, పెట్టె విప్పిన మొదటి రోజే ఈ పరీక్షలన్నీ చేసేయండి.

తొమ్మిదో పని: పాతదాన్ని అప్పుడే అమ్మకండి

కొత్త సిస్టమ్ వచ్చాక పాతదాన్ని కనీసం ఒక జీఎస్టీ నెల గడిచేదాకా అలాగే ఉంచండి. 11వ తేదీ, 20వ తేదీ రెండూ కొత్తదాని మీదే దాటాలి. ప్రెస్సు అయితే ఒక ముహూర్తాల కాలం దాటనివ్వండి. ఆ తర్వాత కూడా అమ్మేముందు ట్యాలీలో ఉన్న లైసెన్సును సరెండర్ చేయండి, లేకపోతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేసేటప్పుడు ఇబ్బంది పడతారు. ఫాంట్ల ఫోల్డర్ కాపీ చేసుకోండి. హార్డ్ డిస్క్ మాత్రం పాత సిస్టమ్‌తో పాటు ఇవ్వకండి, విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. మా చిన్నాయన దగ్గర అలాంటివి రెండున్నాయి, కవర్లో చుట్టి, మీద స్కెచ్ పెన్నుతో సంవత్సరాలు రాసి, బిల్లు పుస్తకాల బీరువాలో పెట్టాడు.